శ్రీకూర్మ క్షేత్రావిర్భావం: పురాణ గాథ, శిలాశాసనం

ఉత్తరాంధ్ర పల్లెలలో కాశీయాత్ర చేయలేని కుటుంబాలు తమవారి అస్థికలను శ్రీకూర్మానికి తీసుకొనిపోవడం తరతరాల ఆచారం. చీపురుపల్లిలో రైలెక్కినవారు సిగడాం, పొందూరు దాటి ఆమదాలవలసలో దిగుతారు. రైల్వేవారి పలకమీద దాని పేరు శ్రీకాకుళం రోడ్. అక్కడినుండి శ్రీకాకుళం పట్టణం, ఆపైన సముద్రం వైపుగా మరొక 13 కిలోమీటర్ల దారి. దక్షిణాన నాగావళి కళ్లేపల్లి వద్దను, ఉత్తరాన వంశధార కళింగపట్నం వద్దను సాగరంలో కలుస్తాయి. ఈ రెండు సంగమాల నడిమి తీరభూమిలో కూర్మనాథుడు వెలసి ఉన్నాడు. ఆలయ సమీపాన ఉన్న శ్వేతపుష్కరిణిలో నిమజ్జనం చేసిన అస్థికలు కాలక్రమాన కూర్మాకృతిని దాలుస్తాయని భక్తుల విశ్వాసం. మృతుడు పితృలోకానికి చేరడమే కాక, భగవంతుడు ధరించిన రూపాన్నే పొందుతాడన్న మాట ఇది. ఇంతటి విశ్వాసం ఏ కథను ఆశ్రయించి నిలిచినదో తెలుసుకోగోరే జిజ్ఞాసువుకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ క్షేత్రావిర్భావానికి కథ ఒక్కటి కాదు. కొన్ని కథలు, వాటి పక్కన ఒక శిలాశాసనం ఉన్నవి. అవి ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. ఆ పొసగని చోటనే ఈ క్షేత్ర చరిత్రలో అత్యంత విచారణీయమైన అంశం దాగి ఉన్నది.

మొదటిది శ్వేతచక్రవర్తి కథ. అతని రాణి విష్ణుప్రియ పరమ భాగవతురాలు, ఏకాదశీవ్రత నిష్ఠ కలది. ఒక ఏకాదశినాడు ఆమె ఉపవసించి హరిధ్యానంలో ఉండగా రాజు కామపరవశుడై అంతఃపురానికి వచ్చాడు. ఇది సమయం కాదని రాణి వారించినది. రాజు వినలేదు. ఒకవైపు పతి ఆజ్ఞ, మరొకవైపు వ్రతభంగ దోషం. ఏది కాదన్నా పాపమే అయిన ఆ స్థితిలో ఆమె విష్ణువును శరణు వేడినది. అప్పుడు వారిద్దరి నడుమ ఒక మహాజలప్రవాహం పుట్టినది. ఆ వరదలో రాజు కొట్టుకొనిపోయాడు. తన అవివేకానికి పశ్చాత్తప్తుడై ప్రాణత్యాగానికి సిద్ధపడిన రాజుకు నారదుడు ప్రత్యక్షమై కూర్మనారాయణ మంత్రాన్ని ఉపదేశించాడు. వంశధార సాగరాన్ని చేరే సంగమస్థానంలో రాజు ఘోరతపస్సు చేశాడు. శరీరం శుష్కించి ఎముకల గూడు మిగిలిన దశలో విష్ణువు కూర్మరూపంతో సాక్షాత్కరించి అతనికి తిరిగి ఆరోగ్యాన్ని ప్రసాదించాడు. సుదర్శనచక్రం భూమిని తాకినచోట శ్వేతపుష్కరిణి ఏర్పడినది. అందులోనుండి లక్ష్మీదేవి గరుడవాహనారూఢయై ఆవిర్భవించి కూర్మనాయకి అయినది. చతుర్ముఖ బ్రహ్మ గోపాలమంత్ర పూర్వకంగా స్వామిని ప్రతిష్ఠించాడు.

స్థలపురాణాలను అద్భుతాల జాబితాగా చదివే అలవాటు ఉన్నవారికి ఈ కథలో వరద, చక్రం, సరస్సు మాత్రమే కనిపిస్తాయి. కథ బిగువంతా దాని ఆరంభంలో ఉన్నది. ఇక్కడ దైవం మొదట వచ్చినది కూర్మంగా కాదు, నీరుగా. వచ్చినది రాజును అనుగ్రహించడానికి కాదు, ఒక స్త్రీ వ్రతదీక్షను రక్షించడానికి. చక్రవర్తి కోరికకు, భార్య 'వద్దు' అన్న మాటకు నడుమ భగవంతుడు స్వయంగా అడ్డు నిలిచాడు. ఆ తరువాతనే ఉపదేశం, తపస్సు, దర్శనం. అట్టి రాజుకు స్వామి ఏ మత్స్యంగానో, వరాహంగానో కాక కూర్మంగా కనిపించడంలోని ఔచిత్యం సాంఖ్యయోగాధ్యాయం చదివినవారికి వెంటనే స్ఫురిస్తుంది. తాబేలు తన అవయవాలను లోపలికి ముడుచుకొన్నట్లు విషయాలనుండి ఇంద్రియాలను ఉపసంహరించుకొనగలవాడే స్థితప్రజ్ఞుడని గీతాచార్యుడు రెండవ అధ్యాయంలో చెప్పాడు. ఇంద్రియాలను ముడుచుకోలేని రాజుకు, ముడుచుకోవడమే స్వభావమైన రూపం దైవమైనది. భాగవతం అష్టమస్కంధంలో మునిగిపోతున్న మందరపర్వతాన్ని వీపున మోసిన కూర్మం మహాబలానికి ప్రతీక. శ్రీకూర్మంలోని కూర్మం అంతకంటె ఆంతరంగికం. ఇచ్చట మునిగిపోయినవాడు ఒక మనిషి.

ఈ శ్వేతరాజు చరిత్రకు అందేవాడా అన్న ప్రశ్న సహజం. గంజాం ప్రాంతంలో శ్వేతక గాంగులనే రాజశాఖ ఒకటి పాలించినది. వారి రాజధాని పేరు శ్వేతకం. ఈ రెండు పేర్లను ముడివేయాలన్న ఆకర్షణ బలమైనదే. కాని పేర్లు కలిసినంత మాత్రాన మనుషులు కలవరు. తెల్లదనం సత్త్వగుణ సంకేతమన్న సామాన్యార్థమే ఇక్కడ చాలును.

ఆలయానికి వెళ్లినవారు గమనించే విశేషం మరొకటి ఉన్నది. స్వామి పశ్చిమాభిముఖుడు. వైష్ణవాలయాలలో మూలవిరాట్టు తూర్పు చూడడం సామాన్యం. ఇక్కడ కూర్మనాథుని శిరస్సు పడమటి దిక్కున ఉన్నది. అందువలననే ఈ ఆలయానికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. దీనికి కారణంగా చెప్పబడే కథలో నాయకుడు రాజాధిరాజు కాదు, ఒక భిల్లరాజు, అరణ్యవాసి. అతడు ఈ సరస్సు మహిమను విని, ఆలయానికి పడమటి దిక్కున నిలిచి స్వామిని సేవించేవాడట. తన వైపు చూడవలసినదని ప్రార్థించాడట. స్వామి తిరిగాడు. బ్రహ్మ ప్రతిష్ఠించిన విగ్రహం, శాస్త్రం నిర్ణయించిన దిక్కు, అన్నీ ఒక అడవిమనిషి ప్రార్థన ముందు పక్కకు తప్పుకొన్నవి. ఉడుపిలో కనకదాసు కోసం కృష్ణుడు తిరిగిన గాథ దేశమంతా ఎరుగును. కళింగతీరంలో అటువంటిదే మరొకటి ఉన్నదని ఎరిగినవారు తక్కువ.

ఇది ఏకాకి కథ కాదన్నది ముఖ్యం. వంశధార ఒడ్డుననే ఉన్న శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడు ఇప్పచెట్టునుండి వెలసినాడని, ఆ మొదటి దర్శనం శబరులదేనని స్థలపురాణం. పూరీలో నీలమాధవుని అరణ్యంలో రహస్యంగా అర్చించినవాడు శబరుడైన విశ్వావసువు. నేటికీ రథయాత్రాది సేవలలో దైతపతులు తమను ఆ వంశీయులుగానే చెప్పుకొంటారు. కళింగదేశపు ప్రధాన క్షేత్రాలన్నిటిలో ఒక్కటే స్వరం వినిపిస్తున్నది: దైవాన్ని మొదట చూచినవాడు, లేదా దైవం మొదట చూచినవాడు, వనవాసి. రాజు తరువాత వచ్చి గుడి కట్టాడు. బ్రాహ్మణుడు అటుపిమ్మట వచ్చి మంత్రం చెప్పాడు.

రామానుజాచార్యుల రాకకు సంబంధించినది మూడవ కథ. గురుపరంపరా గ్రంథమైన ప్రపన్నామృతం దీనిని చెప్తున్నది. పూరీలో పాంచరాత్రాగమ విధిని ప్రవేశపెట్టదలచిన ఆచార్యులను, తన అర్చకుల పద్ధతి మారడం ఇష్టంలేని జగన్నాథుడు రాత్రికి రాత్రి నిద్రలోనే శ్రీకూర్మానికి చేర్పించాడట. తెల్లవారి చూడగా కనిపించినది శివలింగమని భావించి ఆచార్యులు ఉపవాసముండిపోయారు. అది లింగం కాదు, కూర్మమూర్తి అని స్వామి స్వప్నంలో తెలిపిన పిమ్మట తిరునామం ధరించి, అక్కడ వైష్ణవారాధనను నెలకొల్పారు. ఈ కథలో ఒక అందమైన నిజాయితీ ఉన్నది. యతిరాజు అంతటివాడు మూర్తిని చూచి మరొకటి అనుకొన్నాడని చెప్పడానికి భక్తపరంపర సంకోచించలేదు. గర్భాలయంలోని మూర్తి శిల్పి చెక్కిన సర్వాలంకార విగ్రహం కాదు. నేలకు దగ్గరగా ఉన్న శిల. చూపు నిలిపి చూస్తేనే శిరస్సు, మూపు, పుచ్ఛం తెలుస్తాయి. అలాంటి శిలను ఒకరు లింగమనుకోవడం, మరొకరు కూర్మమనుకోవడం ఈ క్షేత్రంలో ఒకప్పుడు నిజంగా సాగిన వివాదానికి ఛాయ కావచ్చును. కథ ఆ వివాదాన్ని దాచలేదు, ఒక రాత్రి ఉపవాసంగా మార్చి చెప్పినది.

ఎవరు ముందు అన్న ప్రశ్న కూర్మ విషయంలో వేదకాలంనుండీ ఉన్నదే. శతపథబ్రాహ్మణం ప్రజాపతియే కూర్మరూపం ధరించి ప్రజలను సృజించాడని చెప్పి, కూర్మ కశ్యప శబ్దాల అభేదాన్ని సూచిస్తున్నది. అగ్నిచయనంలో వేదిక అడుగున సజీవ కూర్మాన్ని ఉంచే విధి అక్కడిదే. తైత్తిరీయారణ్యకం మొదటి ప్రపాఠకంలోని సంభాషణ ఇంకా చిత్రమైనది. జలాలలో సంచరిస్తున్న కూర్మాన్ని చూచి, నీవు నా దేహంనుండి పుట్టినవాడవు అని ప్రజాపతి అంటాడు. కాదు, నేను ఇక్కడ ముందునుండే ఉన్నాను అని కూర్మం బదులిస్తుంది. సృష్టికర్తకే ఎదురుచెప్పిన ఈ తాబేలు ముందు శ్వేతరాజు, భిల్లరాజు, ఆచార్యుడు, అందరూ తరువాత వచ్చినవారే.

పురాణంనుండి శాసనానికి వస్తే నేల గట్టిపడుతుంది. శ్రీకూర్మాలయ స్తంభాలమీద తెలుగులోను, సంస్కృతంలోను, గాంగుల కాలంనాటివి మొదలుకొని వందకు పైగా శాసనాలు ఉన్నవి. అధికభాగం దానశాసనాలు. అఖండదీపానికి ఇచ్చిన మాడలు, నైవేద్యానికి విడిచిన భూములు, దాతల పేర్లు. కథలలో వరద, చక్రం, గరుడుడు వస్తే శాసనాలలో నేయి, వత్తి, బియ్యం వస్తాయి. దైవం కథవలన వెలుస్తాడు, దీపం దాతవలన వెలుగుతుంది. ఈ రెండవదానిని స్థలపురాణ ప్రియులు తరచు మరచిపోతారు.

ఈ శాసనాలలో తలమానికమైనది శకసంవత్సరం 1203, అనగా క్రీస్తుశకం 1281 నాటిది. దానిని వేయించినవాడు నరహరితీర్థుడు. ద్వైతమత స్థాపకుడైన ఆనందతీర్థులకు, అంటే మధ్వాచార్యులకు, సాక్షాత్ శిష్యుడు. గాంగరాజ్యంలో మహాధికారాన్ని నిర్వహించినవాడు. గురువు ఆజ్ఞమేరకు కళింగరాజు భాండాగారంలోని మూలరామ, సీతా విగ్రహాలను సంపాదించి ఇచ్చినవాడు ఇతడేనని మాధ్వ సంప్రదాయం చెప్తుంది. శాసనం సంస్కృత శ్లోకమయం. గురుపరంపరను కీర్తించి, నరహరితీర్థుడు శ్రీకూర్మనాథుని సన్నిధి ఎదుట యోగానంద నృసింహునికి ఆలయం నిర్మించిన సంగతిని తెలుపుతున్నది. సన్న్యాసి చేతిలో దండంతోపాటు ఖడ్గమూ కనిపించే అరుదైన సందర్భం ఇది. ఎందుకనగా అతడు శ్రీకూర్మ క్షేత్రాన్ని దండెత్తి వచ్చిన శత్రువులనుండి రక్షించాడని శాసనం ప్రశంసిస్తున్నది.

ఆ శత్రువులు ఎవరు? శబరులు.

ఇక్కడ చదువరి ఒక్క క్షణం ఆగవలసి వస్తుంది. భిల్లుడైనా శబరుడైనా పురాణ భాషలో అరణ్యవాసికి పెట్టిన పేర్లే. గాథలో స్వామి ఎవరి కోసం పడమటికి తిరిగాడో, శాసనంలో స్వామిని ఎవరినుండి కాపాడవలసి వచ్చినదో, ఆ ఇద్దరూ ఒకే జనం. పడమటి వైపున తూర్పు కనుమల అడవులు. స్వామి ముఖం ఆ దిక్కుననే ఉన్నది. దండు వచ్చినదని చెప్పదగిన దిక్కు కూడా అదే.

దీనిని సమన్వయించడానికి తేలిక మార్గాలు ఉన్నవి. కథ కల్పితం, శాసనం చరిత్ర అని తేల్చివేయవచ్చును. లేదా శాసనాన్ని పక్కనపెట్టి కథను మాత్రమే తలకెత్తుకోవచ్చును. రెండూ సోమరి మార్గాలే. శాసనం 1281లో అధికారంలో ఉన్నవారు చూచిన చూపు. కత్తి పట్టినవాడు తనకు ఎదురునిలిచినవారిని శత్రువులనే వ్రాయిస్తాడు. గాథ అట్లా ఒకరు వ్రాయించినది కాదు. ఎన్నో తరాల నోళ్లలో నలిగి నిలిచినది. అర్చకులు, రాజులు, ఆచార్యులు, అందరి చేతుల మీదుగా నడిచిన ఆలయంలో, వారెవరికీ లాభంలేని ఒక వివరం ఇన్నాళ్లు చెరగకుండా నిలవడమే దాని బలం. స్వామి మీ వైపు తిరిగాడని అరణ్యవాసులకు చెప్పినవారు, ఈ గుడి మీది కూడ అని ఒప్పుకొన్నవారే. ఆ ఒప్పుకోలు శిలాశాసనంలో లేదు. విగ్రహం నిలిచిన దిక్కులో ఉన్నది. శాసనాన్ని చదవడానికి లిపి తెలియాలి. దిక్కును చదవడానికి అదీ అక్కరలేదు.

తరువాతి కాలంలో ఈ క్షేత్రానికి వచ్చిన మహనీయులలో చైతన్యప్రభువు ముఖ్యుడు. పూరీనుండి దక్షిణయాత్రకు బయలుదేరిన ఆయన కూర్మక్షేత్రంలో కూర్ముడనే పేరుగల విప్రుని ఇంట ఆతిథ్యం స్వీకరించాడని, వాసుదేవుడనే కుష్ఠరోగిని ఆలింగనం చేసికొని స్వస్థపరచాడని కృష్ణదాస కవిరాజు చైతన్యచరితామృతంలో వర్ణించాడు. ఇక్కడ కూడ కథ అంచున నిలిచిన మనిషి వైపే తిరిగినది.

అయితే ఇన్ని కథలలోను ఒక వర్గం కనిపించదు. రాజు ఉన్నాడు, రాణి ఉన్నది, నారదుడు, బ్రహ్మ, భిల్లుడు, ఆచార్యుడు ఉన్నారు. తపస్సు జరిగినది సాగరసంగమంలో. ఆ ఒడ్డున అనాదిగా వలలు ఆరవేసుకొనే గంగపుత్రులు మాత్రం కథలో లేరు. ఈ లోటు ఎంత విచిత్రమైనదో తెలియాలంటే మరొక సముద్రతీరపు గాథను పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. జపాన్ దేశంలో క్యోటో ప్రాంతపు ఉత్తర తీరాన ఇనె అనే బెస్తపల్లె ఉన్నది. అక్కడి షింతో దేవాలయం ఉరషిమ. క్రీస్తుశకం 720లో పూర్తయిన నిహోన్ షోకి అనే రాజవృత్తాంత గ్రంథం 478వ సంవత్సరం కింద ఆ ఉదంతాన్ని నమోదు చేసినది. ఉరషిమకొ అనే జాలరి పడవలో వేటాడుతుండగా పెద్ద తాబేలు చిక్కినది. అది స్త్రీగా మారినది. ఆమె వెంట అతడు సముద్రంలోని అమరలోకానికి పోయాడు. ఆలయ సంప్రదాయం ప్రకారం అతడు తిరిగివచ్చినది 825లో. అతనికి కొద్ది కాలమనిపించినది, భూమిపై 347 సంవత్సరాలు గడిచినవి. అప్పుడే ఆ ఆలయం ఏర్పడినదట. నీరు, తాబేలు, స్త్రీ, ఎడబాటు, తిరిగిరావడం: శ్వేతచక్రవర్తి కథలోని వస్తువులే అన్నీ. ఒకటే భేదం. అక్కడ ఆలయంలో పూజలందుకొంటున్నది ఆ జాలరియే.

కళింగతీరపు మత్స్యకారులకు తమ దేవత వేరే ఉన్నది. వారికి సముద్రం గంగమ్మ తల్లి. వేటకు పోయేముందు మొక్కేది ఆమెకు. గ్రామదేవతల గుళ్లు ఒడ్డున, కూర్మనాథుని గోపురం లోపలి నేలమీద. అయినప్పటికీ కథలో లేని బంధం ఆచారంలో ఉన్నది. వలలో సముద్రపు తాబేలు పడితే స్వామి రూపమని దండం పెట్టి నీటిలో విడిచే జాలరులు ఈ తీరాన ఉన్నారు. ఆ మాటకు వస్తే, శ్వేతరాజుకు సంగమస్థానంలో కూర్మం కనిపించినదన్న కథ ఈ తీరం ఎరిగినవారికి వింతగా తోచదు. శీతకాలం చివరినుండి వేసవి మొదటివరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి శ్రీకాకుళం తీరానికి వస్తాయి. ఒడిశాలోని ఋషికుల్య, గహిర్మఠ తీరాలలో వలె లక్షలుగా కాక, ఇక్కడ విడివిడిగా. వీటిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యున్నత రక్షణగల జీవులలో చేర్చినది. చట్టం ఉన్నా మరపడవల ట్రాల్ వలలు వాటికి మృత్యుపాశాలే. తాబేలు జలచరమైనప్పటికీ ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది. మధ్యమధ్య పైకి రాలేకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. కొట్టుకొనివచ్చిన వాటి కళేబరాలు ఒడ్డున పడి ఉండడం ప్రతి సంవత్సరపు దృశ్యం. తాబేలు బయటపడే ద్వారం అమర్చిన వలలు ఉన్నవి. వాటి వాడకం పెరగాలంటే ఆ ద్వారంగుండా కొంత చేప కూడ పోతుందన్న జాలరి భయాన్ని ఎవరో ఒకరు తీర్చాలి. కూర్మనాథునికి ప్రదక్షిణం చేసి, ఆవరణలోని నక్షత్ర తాబేళ్లకు నమస్కరించి వచ్చే భక్తుడు ఆ భయాన్ని తనకు సంబంధించనిదిగా తలచడం కష్టం. పెనిమిటికి, భార్యకు నడుమ నీరై వచ్చిన దైవం ఇప్పుడు వలకు, తాబేలుకు నడుమ ఎవరి రూపంలో రావాలన్నది ఈ తీరానికి మిగిలిన ప్రశ్న.

ఫాల్గుణ పూర్ణిమ వేళ శ్రీకూర్మంలో డోలోత్సవం జరుగుతుంది. కామదహనం, పడియ, డోల అని మూడు రోజులు. చీపురుపల్లినుండి, పాలకొండనుండి, గంజాంనుండి జనం వస్తారు. ఒక కోరికవలన మొదలైన క్షేత్రకథకు కామదహనంతో మొదలయ్యే ఉత్సవం తగినదే. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడ అదే. ఊయలలోని స్వామికి మంగళహారతి ముగిసి గుడి సద్దుమణిగిన ఏ రాత్రియో, తీరాన తల్లి తాబేలు మెల్లగా అలలు దాటి ఇసుకలోకి వస్తుంది. వెనుక రెక్కలతో గుంట తవ్వుతుంది. సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పైన దేహంతో అదిమి చదును చేస్తుంది. ఆపైన సముద్రం వైపు తిరుగుతుంది.